మొదటి కప్పు

ఆళ్లగడ్డ

జెస్సికా,

నీ పెండ్లి కార్డు అందిందమ్మా. నా కొడుకు ప్రేమ్ సాగర్ పోయినాక నువ్వు నంద్యాలలో ఒక్కదానివే ఉంటాంటే నాకూ బాగుండల్యా. ఇప్పుడు మనసు కుదుటపడింది.

మోకాళ్ల నొప్పి, రాలేనని రాస్తే నువ్వు నమ్మవు. చర్చిలో అందరి ముందర ఏడుస్తానేమోనని భయం. అందుకే రావడంల్యా.

ఈ డబ్బాలో వాడి చేత్తో నొక్కే కాఫీ మిషను పంపిస్తాండా. మందుల కంపెనీ పని మీద బనగానపల్లె, పాణ్యం తిరిగేటప్పుడు బ్యాగులో పెట్టుకుపోతాండె, అదే. కొత్తలో నేను దాన్ని మురుకుల గొట్టం అనుకుని క్రిస్మస్‌కు పిండి నింపి నొక్కితి. చిల్లుల్లో ఇరుక్కున్న పిండిని నువ్వు పిన్నీసుతో తీస్తాంటే, వాడు కడుపు పట్టుకుని నవ్వె.

ఇన్నాళ్లూ పొద్దున్నే నేనే నొక్కుకుని తాగుతాంటి. పొడి దండిగా వేసి, బాగా కాగిన నీళ్లు పోసి, నిదానంగా నొక్కల్ల. తొందరపడితే నీళ్లనీళ్లగా వస్తాది. పాలు తర్వాత కలుపుకో.

ఒకసారికి ఒక్క కప్పే దిగుతాది. వాడు మొదటిది ఎప్పుడూ నీకే ఇస్తాండె. కన్నతల్లి ఎదురుగా కూర్చోనుంటే పెండ్లానికి ముందిస్తాడే అని నాకు లోపల మంటగా ఉంటాండె. నీకు తెలిసే ఉంటాది.

ఆ అబ్బాయికి నొక్కేది నేర్పియ్యి. మొదటి కప్పు నాకే ఇయ్యల్లంట, మా అత్త చెప్పిందని చెప్పు.