ద్వారబంధానికి రెండు పక్కలా

ఆదివారం, జూలై ఇరవై రెండు
మధ్యాహ్నం

ఉతికి ఆరేసిన బట్టలు: రెండు బకెట్లు. స్టవ్వు విప్పి కడగడం: అయింది. నెల సరుకులు ఎండబెట్టి డబ్బాలకెత్తడం: అయింది. మేనకోడలి యూనిఫాం అంచు విప్పి పొడుగు చేయడం: అయింది. వెనక గది ఖాళీ చేయడం: సగం. తమ్ముడికి ఉత్తరం: ఇదిగో, ఇప్పుడు.

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. నేను, మీ బావ, నీ కూతురు ఇక్కడ కులాసా. నువ్వు, మరదలు, చిన్నాడు అక్కడ కులాసాగా ఉన్నారని మొన్న ఫోనులో చెప్పావు. చెప్పావు కాబట్టి నమ్మాను. ఫోను ఉండగా ఈ కాగితం ఎందుకంటావేమో. ఫోనులో నీకు నచ్చని మాట నేను మొదలుపెట్టేసరికి నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. చివరిదాకా చదువు.

నీ కూతురి సంగతులు ముందు రాస్తాను. మీ బావ దానికి లాయరమ్మ అని పేరు పెట్టాడు. అన్నం దగ్గర కూడా వాదిస్తుంది. మీ కింది వీధి బడిలో నీళ్లు చేరి మూసేశాక ఇక్కడికి వచ్చినప్పుడు నోట్లోంచి మాట పెగలని పిల్ల, ఏడాది తిరిగేసరికి ఇలా తయారైంది. ఈ యూనిఫాం అంచు విప్పడం ఇది రెండోసారి. ఇక విప్పడానికి గుడ్డ లేదు. ఎంత పెరిగావో మా తలుపు దగ్గర నిలబడవే, గీత గీస్తాను అంటే వద్దంది. అది నాన్నే గీయాలట, మీ ఇంట్లోనే గీయాలట.

స్కూల్లో ఈ నెలంతా పర్యావరణం మీద కార్యక్రమాలు పెట్టారు. మొదట హాల్లో తెర కట్టి, లోకంలో ఎక్కడెక్కడో మంచు కొండలు కరిగి సముద్రంలో కలవడం చూపించారట. సందేహాలుంటే అడగమంటే మనది చెయ్యెత్తి, ఆ నీళ్లు మా ఇంటి దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతుంది సార్ అని అడిగిందట. పిల్లలంతా నవ్వారు. అది బస్సులాగా రాదమ్మా, అన్ని చోట్లా కొద్దికొద్దిగా పెరుగుతుంది అని మాస్టారు చెప్పారట. ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే నన్నడిగింది. అన్ని చోట్లా పెరుగుతుంటే అత్తా, మా వీధి వాళ్లకి ముందు తెలిసి మిగతావాళ్లకి ఇంకా తెలియలేదెందుకు అని. మీ బావ వైపు చూశాను. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

తర్వాతి వారం బొమ్మల పోటీ. విషయం, వేడెక్కుతున్న భూమి. పిల్లలందరూ భూగోళం వేసి దాని నోట్లో జ్వరం చూసే గొట్టం పెట్టారు. మనది ఒక ద్వారబంధం వేసి ఊరుకుంది. భూమి ఏదమ్మా అని మాస్టారు అడిగితే, తలుపు లోపల ఉంది సార్ అందట. బహుమతి రాలేదు. గోడకి మాత్రం తగిలించారు. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు నేను చూశాను.

అది మీ ఇంటి ద్వారబంధమేరా. ఒక పక్క పిల్లల ఎత్తులు, పడవ ఇంజన్లకి వేసే ఎర్ర రంగుతో నువ్వు గీసినవి. ఆ అలవాటు నాకు తెలుసు, నువ్వు సరదాపడి చూపించావు కూడా. రెండో పక్క నీలం గీతలున్నాయి. అవి నాకు తెలియవు. ఏ ఏడాది సముద్రపు పోటుకి నీళ్లు ఎందాకా వచ్చాయో నువ్వే గీస్తావని, గీసేటప్పుడు నాన్న ఈల వేస్తాడని అది చెప్పింది. కింది నీలం గీత గుమ్మానికి ఆనుకుని ఉంది. పై గీత చిన్నాడి ఎర్ర గీతకి పైన ఉంది. పొరపాటున వేశావా తల్లీ అని అడిగాను. లేదత్తా, పోయినసారి సరిగ్గా అంతే వచ్చాయి, తమ్ముణ్ణి అమ్మ రాత్రంతా బీరువా మీద కూర్చోబెట్టింది అంది. పోయినసారి నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? మడమ తడిసిందక్కా, అంతే అన్నావు. చిన్నాడి తల దాటిన నీళ్లు నీ మడమ దగ్గర ఆగాయంటే నువ్వెంత పొడుగరివిరా.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న స్కూల్లో పెద్ద సభ జరిగింది. పిల్లలే దేశాలు. బల్లల ముందు అట్టముక్కల మీద దేశాల పేర్లు రాసి నిలబెట్టారు. పొగ తగ్గించాలా వద్దా, సముద్రం మింగేస్తున్న చోట్ల వాళ్లు ఎటుపోవాలి, ఇదీ చర్చ. ఎవరు ఏ దేశమో చీటీలు తీసి పంచారు. మనది ఒక పెద్ద దేశం. ఏ పనీ ఇప్పుడే చేయనని మొండికేసే దేశమన్నమాట. కిరాణా కొట్టాయన మనవరాలు దీని పక్క సీటు పిల్ల. ఆమె మునిగిపోతున్న చిన్న ద్వీపం.

మేము వెనక బెంచీల్లో కూర్చున్నాం. లాయరమ్మ లేచింది. చేతిలో కాగితం లేదు. నీళ్లు వస్తాయి, పోతాయి, మేము పుట్టకముందు నుంచీ వస్తున్నాయి అంది. ఈ ఒక్క ఏడాది గడవనివ్వండి చూద్దాం అంది. అందరికన్నా ముందు మేమే ఎందుకు కదలాలి, ముందు పక్కవాళ్లని కదలమనండి అంది. మా పని ఇక్కడుంది, పని ఒకచోటా ఇల్లు ఒకచోటా పెట్టుకుని ఎవడు బతుకుతాడు అంది. ఆ మాట అనేటప్పుడు అచ్చం నీలాగే కుడి చేత్తో మెడ వెనక రుద్దుకుంది. హాలంతా చప్పట్లు. నా పక్కనున్న పెద్దమనిషి, ఎవరి పిల్లండీ, అచ్చం మంత్రిలా దులిపేసుకుంటోంది అన్నాడు. మా బావమరిది కూతురండీ, ఇంట్లో నేర్చిన విద్య అన్నాడు మీ బావ. అన్నాక ఆయన నవ్వలేదు. నా మొహం చూశాడు.

పిల్లలు నీ మాటలు వినరనుకుంటావు. నువ్వు ఫోనులో నాతో అనే ప్రతి మాటా అది నా పక్కన కూర్చుని విన్నదే.

తర్వాత ప్రశ్నల వంతు. ద్వీపం పిల్ల లేచి, మీరు ఇంకా ఎన్నాళ్లు చూస్తారు, మాలో చిన్నవాళ్లు మునిగేదాకానా అని అడిగింది. జవాబుకి గంట కొట్టేదాకా సమయం. మనది ముందున్న అట్టముక్కని సరిచేసింది, మళ్లీ సరిచేసింది. గంట కొట్టారు. అప్పుడు చెప్పింది, నాన్నని అడిగి చెప్తాను అని.

హాలు హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. పెద్ద దేశానికి కూడా నాన్న ఉంటాడా అన్నారెవరో. మేమిద్దరం నవ్వలేకపోయాం తమ్ముడూ. అది కూడా నవ్వలేదు.

బాగా మాట్లాడిందని కుండీలో ఒక మొక్క బహుమతిగా ఇచ్చారు. మీ ఇంటికి తీసుకెళ్తావా అని అడిగితే, వద్దత్తా, అక్కడి నీళ్లు ఉప్పగా ఉంటాయి, చచ్చిపోతుంది అంది. మా వెనక గది కిటికీలో పెట్టింది.

ఆ గది నీకు తెలుసు. పాత మంచం, విరిగిన కుర్చీలు తీయించాను. కిటికీ రెక్కకి గడియ వేయించాలి. నలుగురు పడుకోవడానికి చోటు చాలుతుంది, కొలిచి చూశాను. అక్క ఇంట్లో ఉండటం ఇల్లరికం కన్నా నామోషీ అని ఒకసారి అన్నావు. మీ బావకి ఆ మాట చెబితే, వాడు ఇక్కడుంటే పంపు మోటారు ఎవడికీ డబ్బివ్వకుండా బాగుచేయించుకోవచ్చు, నామోషీ నాది కదా అన్నాడు. బస్సు డిపోలో ఫోర్‌మన్‌ని కూడా అడిగి వచ్చాడు. పడవ ఇంజన్ లొంగినవాడికి బస్సు ఇంజన్ లొంగదా, రమ్మనండి, చెయ్యి చూస్తాను అన్నాడట ఆయన. నీ మరమ్మతు షెడ్డు నువ్వు కట్టుకున్నది. వదలడం తేలిక కాదని నాకు తెలుసు. పనిముట్లు వెంట వస్తాయి. గోడలు రావు, అంతే.

వచ్చే నెల పున్నమికి పెద్ద పోటు ఉందని పేపర్లో రాశారు. నీ కూతురు ఆ ముక్క కత్తిరించి పుస్తకంలో దాచుకుంది. నాకు చూపించలేదు, బట్టలు సర్దుతుంటే కనబడింది. మరదలికి నా ఆశీస్సులు. చిన్నాడికి ముద్దులు. ఉత్తరం ఆమెకి కూడా చదివి వినిపించు, మధ్యలో వదిలేయకుండా.

ఇట్లు,
నీ మంచి కోరే
అక్క

తా.క. కవరు అంటించబోయి ఆగాను. సాయంత్రం సబ్బులకని కిరాణా కొట్టుకి వెళ్తే ఆ మనవరాలు కౌంటరు వెనక కూర్చుని ఉంది. మంచి ప్రశ్న అడిగావే అని మెచ్చుకున్నాను. ఆ పిల్ల మొహం ముడుచుకుని, అది నా ప్రశ్న కాదాంటీ అంది. చీటీల్లో ద్వీపం వచ్చింది మన లాయరమ్మకేనట. పెద్ద దేశం ఈ పిల్లకి వస్తే, మనదే వెళ్లి మార్చుకుందట. ఎందుకే అంటే, ద్వీపమైతే నాకు ఏడుపొస్తుంది, అవతలివాళ్ల మాటలైతే నాకు కంఠతా వచ్చు అందట. ఆ ప్రశ్న కూడా తనే నేర్పిందట. గట్టిగా అడగకపోతే జన్మలో నీతో మాట్లాడను అని బెదిరించిందట. తీరా అడిగాక ఏం చెప్పాలో ఇద్దరూ అనుకోలేదట.

ఇంటికొచ్చి, నాన్నని నువ్వే అడగొచ్చుగా తల్లీ అన్నాను. నేనడిగితే నాన్న ఈల వేస్తాడత్తా అంది. నీ తరఫున నేను అడుగుతాలే అని మాటిచ్చాను.

ఇంకా ఎన్నాళ్లు చూస్తావు తమ్ముడూ?

వెనక గది: పూర్తయింది. దానికిచ్చిన మాట: చెల్లు. ఇక నా దగ్గర బాకీ ఏమీ లేదు.