మంజుల వాళ్ల నాన్నకు నేనిచ్చిన సలహా

లాల్‌దర్వాజా,
హైదరాబాదు.

అన్నయ్యకు, వదినకు సుజాత నమస్కారాలు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పాప అన్నం సరిగ్గా తింటోందా? నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకండి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కూర వండే ఓపిక లేని పూట వదిన పంపిన గోంగూర పచ్చడే దిక్కు. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో సీసా పంపించు.

మొన్న వెళ్లిన ఇంటర్వ్యూ పోయింది. నెట్‌వర్కింగ్ పరీక్ష బాగా రాశానని మెచ్చుకున్నారు కూడా. తర్వాత డిగ్రీ అడిగారు. మధ్యలో మానేశానంటే నా ఫైలు మూసి చేతికిచ్చేశారు. మళ్లీ మా కంప్యూటర్ సెంటర్ కౌంటర్ దగ్గరే కూర్చుంటున్నాను. డిగ్రీ అక్కర్లేదు, మా కోర్సు సర్టిఫికెట్ ఉంటే చాలని వచ్చినవాళ్లకు చెప్పడమే నా ఉద్యోగం.

ఆ దిగులు తీరకముందే పురానాపూల్ నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆయనకు బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పిల్ల పేరు మంజుల. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆగిపోయిందట. ఎందుకాగిందో నేను అడగలేదు. పిల్ల ల్యాబ్ చూడటానికి లోపలికి వెళ్లగానే ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మీ సొంత చెల్లెలైతే ఏం చెప్తరమ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ముందు డిగ్రీ పూర్తి చేయించండి, ఇది తర్వాతైనా నేర్చుకోవచ్చు అన్నాను. ఆయన దండం పెట్టి పిల్లను తీసుకెళ్లిపోయాడు. మంచిపని చేశాననుకున్నాను.

వారం తిరక్కుండా మంజుల ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాలేజి దూరమని బాపు ఎప్పుడో మాన్పించిండక్కా. గీ కోర్సు ఇంటికి దగ్గరని మస్తు బతిమాలితే ఒప్పుకున్నడు. ఇప్పుడు ఇదీ వద్దంటుండు. మీరు గట్ల ఎందుకు చెప్పిన్రు?"

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. పిల్లను కోర్సులో చేర్చండి, దగ్గరుండి నేర్పిస్తానని ఎంతో చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"డిగ్రీ లేకుంటే ఫాయిదా లేదన్నది మీరే గదమ్మా. గంత దూరం కాలేజికైతే పంపలేను. ఇంట్లనే ఉండనియ్యుండ్రి."

మంజుల వచ్చి, నా వైపు చూడకుండా కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను లేచి వచ్చేశాను.

తమ్ముడు కాలేజీ మానేసి ఇక్కడికొచ్చి కోర్సులో చేరతానంటున్నాడని, ఏం చెయ్యమంటావని రాశావు. ఏం చెప్పను అన్నయ్యా? నా సంగతి చూసుకుంటే డిగ్రీ వదలొద్దనాలి. మంజుల మొహం గుర్తొస్తే ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నావల్ల కాదు. వాడు ఎందుకు మానేస్తానంటున్నాడో పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే అడుగు. కోప్పడకుండా అడుగు.

అమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. పాపకు ముద్దులు. నన్ను తలచుకున్నప్పుడు మంచి జరగాలని దీవించండి.

మీ చెల్లెలు,
సుజాత