తెగని తీగ

కోరాపుట్,
28-9-1983, బుధవారం.

ప్రియమైన తమ్ముడు శుభాకర్‌కి,

అక్క దీవెనలు. దేవుని కృపవల్ల అమ్మా నేనూ ఇక్కడ క్షేమంగానే ఉన్నాం. నువ్వూ సారమ్మా చిన్నదీ కూడా అలాగే ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. అందిన రోజే జవాబు రాసి పోస్టులో వేసే మనిషిని, ఈసారి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. ఇది నాలుగోది. ముందు నువ్వొక్కడివే చదువు. సారమ్మకి తరవాత నీకు చెప్పాలనిపిస్తే చెప్పు.

నువ్వడిగిన చిన్న చిన్న వాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి వానలు తగ్గాక కాస్త నయం. ముప్ఫయ్యేళ్ళు నర్సుగా ఊరందరి చేతా మందులు మింగించిన మనిషి, తను మాత్రం ఒక్క మాత్ర మింగదు. "ఆ బిళ్ళలు ఏటికే? ఎప్పుడు తగ్గాలో కాలికి తెల్దా?" అంటుంది. చర్చికి మాత్రం కర్ర పట్టుకుని నడిచే వెళ్తోంది. రిక్షా ఎక్కమంటే కోపం. నువ్వు పంపిన కందులు అందాయి. బోరిగుమ్మ సంత కందులకన్నా ఇవే బాగా ఉడుకుతున్నాయట. నా బదిలీ మాట ఈ మధ్య కాలేజీలో ఎవరూ ఎత్తడం లేదు. పొద్దున్న తొమ్మిదింటిదాకా మంచు వదలడం లేదు. లాబులో అగ్గిపుల్లలు మెత్తబడిపోతున్నాయి.

ఇక నీ అసలు ప్రశ్న. నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను. "అట్ట గొట్టాలు పిల్లలే చుట్టేరక్కా. గాంధీ జయంతి ఆదివారం పడింది. చర్చి అయ్యాక బడి వెనక మైదానంలో రాకెట్టు వదుల్తాం. ఆవేళ మనం వాడిన తీగలో మిగిలిన ముక్క టీపొడి డబ్బాలో దాచేను. నువ్వు ఎంచిన తీగ కదా, అదే పెడతాను. నాలుగు టార్చి బ్యాటరీలు చాలునా, ఆరు పెట్టమంటావా?" దాని కింద ఇంకో మాట రాశావు. "తీగలో తప్పు లేదు. తప్పు నాది. ఏటా తరగతిలో నా కన్ను చూపించి మరీ చెప్తాను, తొందరపడితే ఇదిగో ఇంతే అని. పిల్లలు నవ్వుతారు, కానీ గుర్తుపెట్టుకుంటారు."

నీ ఉత్తరం అందిన రోజు అమ్మకి పైకి చదివి వినిపిస్తున్నాను. అక్కడికొచ్చేసరికి చదవడం ఆపేశాను.

ఆ తీగని ఎంచడం గురించి మనం ఎన్ని ఉత్తరాలు రాసుకున్నామో నీకు గుర్తుందా? చంద్రుడి మీద మనుషులు దిగిన ఏడాది, మనమూ ఒక చిన్న రాకెట్టు చేసి వదలాలనుకున్నాం. నువ్వు రాయగడ అవతల ఆ చిన్న స్టేషనులో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరువి, నేను ఇక్కడ కొత్త లెక్చరర్ని. అగ్గిపుల్లతో దగ్గరికెళ్ళి అంటించకూడదు, దూరాన్నించి కరెంటుతోనే వెలిగించాలని పట్టుబట్టింది నువ్వే. టార్చి బ్యాటరీల బలం ఎంత? ఆ కొద్దిపాటి బలానికి ఏ తీగ త్వరగా కాలుతుంది? రాగి పనికిరాదని ఇద్దరం ఒప్పుకున్నాం. కరెంటు దాన్లోంచి వెళ్ళిపోతుంది తప్ప అది వేడెక్కదు. టార్చి బల్బులోని తీగ తీద్దామంటే చేతిలోనే తునిగిపోతోంది. పాత్రలు తోమే ఇనపపీచు పోగు భగ్గుమని ఒక్క క్షణంలో బూడిదవుతోంది. చివరికి హీటర్లలో వాడే నిక్రోమ్ తీగ దగ్గర ఆగాం. వెంట్రుకంత సన్నని నిక్రోమ్ కావాలన్నావు నువ్వు. హీటరు కాయిల్లోంచి తీసిన మందపు తీగ కావాలన్నాను నేను.

"సన్నది ఠక్కున కాలి తెగిపోతుంది, తెగిపోతేనే కదక్కా పని అయిందని తెలిసేది" అని రాశావు. తెగని తీగ మళ్ళీ మళ్ళీ పనికొస్తుందని నేను రెండు పేజీల లెక్కలతో జవాబిచ్చాను. "ఎమ్మెస్సీ వారి ఆర్డరు, ఏయెస్సెమ్ము పాటించవలెను" అని కార్డు పడేశావు. ఆ కార్డు చూసి ఎంత మురిసిపోయానో.

స్విచ్చి పెట్టె మాత్రం నీదే. దానికి తాళంచెవి పెట్టావు. చెవి తీస్తే కరెంటు లేనట్టే. రైలు డ్రైవరుకి టోకెన్ అందించే పెద్ద పేము కడియం లాంటిదే ఒకటి చేసి ఆ చెవిని దానికి కట్టావు. టోకెన్ చేతికందకుండా ఏ బండీ ముందుకి కదలదు, ఒక లైనుకి ఒకటే టోకెన్ కాబట్టి ఎదురుగా ఇంకో బండి రాదు, మన రాకెట్టుకీ అదే రూలు, దాని దగ్గరికి వెళ్ళేవాడు చెవి తన భుజాన వేసుకునే వెళ్ళాలి అన్నావు. ఇంత మంచి ఆలోచన నాకెందుకు రాలేదా అనుకున్నాను.

ఆ ఆదివారం నది పక్క ఇసుక మేట మీద మనం నలుగురం. అమ్మ గొడుగు కింద రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకుని కూర్చుంది. పాయింట్స్‌మన్ సన్యాసయ్య డ్యూటీ లేకపోయినా రెండు జెండాలూ పట్టుకొచ్చాడు.

"ఏటి బాబూ, దీనికి పచ్చజెండా నానే ఊపాలా?"

"నువ్వే ఊపాలి సన్యాసయ్యా. గార్డువి నువ్వే."

"ఒరే, అది మన నెత్తిన పడదు గదా?" అంది అమ్మ.

"పడితే అక్క తన సర్టిఫికెట్టు యూనివర్సిటీకి తిరిగిచ్చెస్తాదిలే."

నువ్వు మీట నొక్కావు. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కి పట్టావు. ఏమీ కాలేదు.

"మన గూడ్సుబండే నయం బాబూ. ఆలస్యవైనా కదుల్తాది" అన్నాడు సన్యాసయ్య. నువ్వే అందరికన్నా ఎక్కువ నవ్వావు. చెవి తీసి, కడియం భుజాన వేసుకుని, "టోకెను నా దగ్గరుంది. ఇంక ఎదురుబండి రాదు. చూసొస్తాను" అన్నావు.

తెల్ల చొక్కా, భుజాన కడియం, ఇసకలో కాలు కూరుకుపోతుంటే మెల్లగా వెళ్తున్న నీ వీపు. అది నాకిప్పటికీ కనబడుతూనే ఉంటుంది. కాలేజీ వరండాలో ఎవరైనా చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగితే చాలు, తెలిసిన మనిషైనా కాకపోయినా "లేవండి, లేవండి" అని అరవబోతాను. ఒకసారి అరిచాను కూడా. పాపం ఆయన పోతురాజు గారని మా ఆఫీసు హెడ్‌క్లర్కు, కాలికింద పాముందేమోనని గెంతారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత స్టోర్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

తరవాత జరిగింది నీకు తెలిసిందే. రైల్వే వాళ్ళ కంటి పరీక్షలో బండ్లు నడిపించే డ్యూటీకి పనికిరావన్నారు. గుమాస్తా పని ఇస్తామంటే వద్దని, బండి కూత వినబడని ఊరు కావాలని, రామనగుడ బడికి మాస్టరుగా వెళ్ళిపోయావు. "టోకెన్ ఉందన్న ధీమాతో తొందరపడ్డాను, అక్కని ఏమీ అనకండి" అని ఆసుపత్రిలో కంటికి కట్టుతోనే అందరికీ చెప్పావు. నేను మంచం పక్కనే ఉన్నాను. వింటూ ఊరుకున్నాను.

ఇప్పుడు అమ్మ సంగతి. నీ ఉత్తరం చదవడం ఆపేశానన్నాను కదా. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట మీంచి కళ్ళెత్తకుండానే అంది.

"అమ్మీ, ఆ దినం నువ్వు లెక్కెట్టేవు."

"ఏం లెక్కమ్మా?"

"అది నాకు తెలిస్తే నిన్నెందుకడుగుతానే? ఆడు అలా నడిసెల్తన్నాడు. నువ్వు సేతి గడియారం సూస్తూ పెదాలు ఆడించేవు. నాడి పట్టి బతికినదాన్ని, లెక్కెట్టినోళ్ళ మొకం నాకు తెల్దా? ఏటి లెక్కెట్టేవు?"

"పద్నాలుగేళ్ళూ అడగలేదేం?"

"నువ్వే సెప్తావని."

అమ్మకి అప్పుడు చెప్పలేదు. ముందు వినవలసింది నువ్వు.

ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, ఇక్కడి లాబులో ఆ తీగని పరీక్షించాను. సరిగ్గా నీకు పంపిన ముక్కలాంటిదే. రాకెట్టులో చుట్టాలనుకున్నట్టే, కదలకుండా నూలుదారం చుట్టాను, నాలుగు బ్యాటరీలు కలిపాను. తీగ ఎర్రబడనే లేదు. మందపు తీగ కాబట్టి బ్యాటరీలే నీరసపడ్డాయి. కరెంటు తీసేసి, నోటుబుక్కులో "వెలగలేదు" అని రాసి తేదీ వేస్తున్నాను. అప్పుడు నా మోచేతి పక్కన దారం భగ్గున అంటుకుంది. కరెంటు లేదు శుభా. తీగలు విప్పేసి ఉన్నాయి. లోలోపల నిప్పు రాజుకుని, తనకి తోచినప్పుడు బయటికి వచ్చింది. గోడ గడియారం చూశాను. కరెంటు తీసేసి సుమారు యాభై సెకన్లు.

నేను చేసిందేమిటో తెలుసా? "వెలగలేదు" కొట్టేసి "వెలిగింది" అని రాశాను. ఎంత ఆలస్యంగానో రాయలేదు. ఆలస్యం రాస్తే నీ సన్నతీగే సరైనదని ఒప్పుకోవాలి. దారం నెమ్మెక్కి ఉంటుందిలే, ఇక్కడి మంచు రాయగడలో ఉండదుగా అని నాకు నేనే చెప్పుకున్నాను. సందేహం లేకుండా ఏ పనీ చేయలేని దాన్ని, సందేహించవలసిన ఆ ఒక్కచోటా నోరు మూసుకున్నాను.

అందుకే నువ్వు చెవి తీసిన క్షణం నించి నాకు తెలుసు. నీ టోకెను బండ్లని ఆపుతుంది. దారంలో రాజుకున్న నిప్పుకి టోకెనంటే ఏం తెలుసు? అది నీకు తెలియదు, నాకు తెలుసు. పిలవాలి. పిలిస్తే ఎందుకంటావు, ఎందుకో చెప్పాలంటే శుక్రవారం సంగతి చెప్పాలి. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై అయ్యేటప్పుడు పిలుద్దామనుకున్నాను. ముప్ఫై దాటాక, ఇంక వెలగదేమో, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదేమో అనిపించింది. తమ్ముడూ, ఆ క్షణంలో నాకు నిజంగా సంతోషం వేసింది. నలభై ఆరు దగ్గర నువ్వు వంగావు, అప్పుడే మంట లేచి నీ మొహాన్ని కొట్టింది.

ఇన్నాళ్ళూ నన్ను నిద్రపోనివ్వనిది మంట కాదు. ఆ సంతోషం.

నీ తొందర వల్ల నీ కన్ను పోలేదు. నువ్వు నీ రూలు ప్రకారమే, చెవి భుజాన వేసుకునే వెళ్ళావు. తరగతిలో ఏటా పిల్లలకి చెప్తున్న ఆ మాట ఇకనించి చెప్పకు. అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నీ నోట్లో కాదు, నా నోటుబుక్కులో.

ఇప్పుడు తీగ మాట. ఆ టీపొడి డబ్బాలో ముక్కని పారెయ్. ఆరు బ్యాటరీలు పెట్టినా వద్దు. నువ్వు మొదట అడిగిన వెంట్రుకంత సన్నని నిక్రోమ్ మా లాబు స్టోరు ద్వారా తెప్పిస్తాను. నూలుదారం అసలు చుట్టొద్దు. టార్చి బ్యాటరీలు కాదు, జీపు బ్యాటరీ లాంటి బలమైనది కావాలి. నొక్కాక వెలగకపోతే చెవి తీసి, ఎవరూ కదలకుండా పూర్తిగా పది నిమిషాలు కూర్చోవాలి. ముందు ఉత్తి తీగని పదిసార్లు పరీక్షించి, ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టిందో పిల్లల చేతనే రాయించు. ఒక్కసారి ఆలస్యమైనా ఆ తీగని ఒప్పుకోవద్దని చెప్పు. ఇవన్నీ గాంధీ జయంతికి కుదరవు. ఈ ఆదివారం ప్రయోగం ఆపాలి.

ఇంతవరకూ రాశాక గుర్తొచ్చింది. ఇక్కడినించి రామనగుడకి ఉత్తరం చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. పోస్టులో వేస్తే సోమవారానికి గాని నీ చేతికి రాదు. ఈ పన్నెండు రోజులూ నేను ఉత్తరాలు చించుతూ కూర్చున్నాను. అంటే మళ్ళీ అదే పని చేశాను. ఈసారి సెకన్లు కాదు, రోజులు.

టెలిగ్రాం ఇవ్వొచ్చు. "ప్రయోగం ఆపు" అని రెండు మాటలు. రాకెట్టు ఆగుతుంది. కానీ నువ్వు ఎందుకని అడుగుతూ ఉత్తరం రాస్తావు, నేను తీగ మందం గురించి ఇంకో రెండు పేజీల లెక్కలు రాస్తాను. నన్ను నేను ఎరుగుదును. టెలిగ్రాం రేపు పొద్దున్నే ఇస్తాను, ఇచ్చి అక్కణ్ణించే రాయగడ బస్సెక్కుతాను. ఈ కాగితాలు నా సంచిలో ఉంటాయి. అమ్మకి ఇందాకే చెప్పాను, తమ్ముడి దగ్గరికి వెళ్తున్నానని. ఎందుకని అడగలేదు. "ఆడి ఎదరే కూకుని సదివించు. పక్కగదిలోకి పోకు" అంది.

అలాగే చేస్తాను. నువ్వు ఈ మాట చదువుతున్నప్పుడు నేను నీ ఎదురుగానే ఉంటాను. చదవడం అయ్యాక కోపం వస్తే కేకలెయ్, పొమ్మంటే వెళ్తాను. ఏమీ అనకుండా కాగితాలు మడిచి లోపలికి వెళ్ళిపోయినా, నువ్వు బయటికి వచ్చేదాకా నేను ఆ కుర్చీలోంచి లేవను.

ఇట్లు,
నీ కన్ను పోవడానికి కారణమై, నువ్వు నిందని నీమీద వేసుకుంటుంటే చూస్తూ కూర్చున్న
నీ అక్క,
పద్మకుమారి.