షుగర్ తగ్గిందని వాకింగ్ మానకండి

ఏవండీ,

డాక్టరుగారు ఇప్పుడే ఫోన్ చేశారు. మీ షుగర్ దారికొచ్చిందట, ఇన్సులిన్ అక్కర్లేదట! మీరు రైతుబజారు నుంచి వచ్చేదాకా ఆగుదామంటే నా ఆఫీసు బస్సు వెళ్లిపోతుంది.

జొన్నరొట్టెలు, బీరకాయ కూర హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి. సంబరంలో పాత పద్ధతి మొదలెట్టకండి. రాత్రిపూట అన్నం మానేశానని ఊరంతా చెప్పుకుని, ఫలహారమంటూ నాలుగు ఉప్మా పెసరట్లు లాగించేది మీరే కదా!

సాయంత్రం పంజాగుట్టలో బస్సు దిగుతాను, ఎదురు రండి. ఇంటికి నడిచే వద్దాం.

ఛాయ

వాకింగ్ మానేస్తే మాత్రం ఊరుకోను. పెళ్లయినప్పట్నుంచీ రోడ్డు మీద నాకంటే పదడుగులు ముందుండే మనిషి, ఈ షుగర్ పుణ్యమా అని నా పక్కన నడుస్తున్నారు. నిన్న మైత్రీవనం దగ్గర కోచింగ్ పిల్లల రద్దీలో నా చెయ్యి కూడా పట్టుకున్నారు.