మూడో అంకంలో ఏడుపు

డైరెక్టర్ గారికి నమస్కారాలు.

ఇకమీదట మన నాటకంలో తల్లి వేషం నేను వేయలేనండీ. ఫోన్ చేస్తే మీరు ఎలాగో నచ్చజెప్పేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మూడో అంకంలో కూతురు పోయినప్పుడు నాకు కన్నీళ్లు రావట్లేదని రిహార్సల్ ఆపి, మీరు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నీ సొంత బాధే పైకి తెచ్చుకోమ్మా, ఇక నటించే పనే ఉండదు" అన్నారు. చనిపోయిన మా పాపను ఆసుపత్రి నుంచి చేతుల మీద ఇంటికి తెచ్చుకున్న రోజు తలుచుకున్నాను. ఆ సాయంత్రం హాలంతా ఏడ్చింది. అప్పటి నుంచి ప్రతి ప్రదర్శనలోనూ అదే తలుచుకున్నాను. "పదేపదే తలుచుకుంటే ఏ బాధకైనా పదును తగ్గుతుంది. మనసు తత్వమే అంత. నీకూ మంచిదే" అని కూడా మీరే అన్నారు. మీరన్నట్టే తగ్గింది.

నిన్న పాప పుట్టినరోజు. మావారు దాని చిన్న చెప్పులు ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. పక్కనే కూర్చున్న నేను ఆయన భుజాలు ఎలా కదులుతున్నాయో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో గమనిస్తున్నాను, స్టేజీ మీద పనికొస్తుందని. ఆయన తలెత్తి, "నీకు ఏడుపు రావట్లేదా?" అని అడిగారు. ఆ గొంతులో భయం వినిపించింది.

నాకు రాలేదండీ. పాప ముఖం తలుచుకోబోతే స్టేజీ లైట్లు కనిపిస్తున్నాయి.

చెల్లెలి వేషం వేసే అమ్మాయికి నా డైలాగులన్నీ కంఠతా వచ్చు. బాగానే చేస్తుంది. కన్నీళ్లు రాకపోతే గ్లిజరిన్ ఇవ్వండి. ఎవరినీ తలుచుకోమని మాత్రం చెప్పకండి.