అమావాస్య పాయింట్

20 జనవరి 2025, సోమవారం

బోటుకి కొత్త స్క్రీన్ వచ్చింది. ఫిష్ ఫైండర్. బోటు కింద నీళ్లలో ఏముందో చూపిస్తుందట. మా ఆయన గణేష్ దాన్ని నట్టింట్లో పెట్టి విప్పుతుంటే అందరం కొత్తకోడల్ని చూసినట్టు చుట్టూ చేరాం. మా అత్త మాత్రం దూరంనుంచే చూసి, “ఓలమ్మ, ఇక సేపకి దాక్కోడానికి జాగా ఏదిరా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పొద్దున్న మామూలుగానే గ్రూప్‌లో వాయిస్ పెట్టాను. చేపలు ఎటువైపు ఉండొచ్చో శాటిలైట్ చూసి చెప్పే మ్యాప్ ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని తెలుగులో, హిందీలో చదివి పెడతాను. ఈ దీవుల్లో బాంబూఫ్లాట్, హాడో జెట్టీల్లో ఉన్న మన తెలుగు బోట్లన్నీ ఆ గ్రూప్‌లోనే ఉన్నాయి. చేపలుండే చోటే పాయింట్, అందుకే నన్ను పాయింట్ దీదీ అంటారు. నిజానికి చేపల బోటు నేనింతవరకూ ఎక్కలేదు.

24 జనవరి, శుక్రవారం

ఎక్కాను. స్క్రీన్ మెనూ అంతా ఇంగ్లీష్. సెట్ చేసి పెట్టమని ఆయనే తీసుకెళ్లారు. మరిది మణికుమార్ కూడా వచ్చాడు.

ఎక్కడికి వెళ్లామో ఇక్కడ రాయను. రాయకూడదని ఇప్పుడే అనిపించింది. ఎందుకో తెలియదు.

స్క్రీన్ మీద సముద్రం నేల ఒక గీతలా కనిపిస్తుంది. చేప ఉంటే దాని పైన ఎర్ర చుక్కలు. పొద్దుటినుంచీ ఒకటీ అరా చుక్కలే. నీళ్ల కింద ఒక గుట్ట మీదికి వెళ్లేసరికి స్క్రీన్ సగం ఎర్రగా అయిపోయింది. వైరు లూజైందనుకున్నాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ అదే ఎరుపు. ఆయన నా వైపు చూశారు, నేను స్క్రీన్ వైపు చూశాను. మణికుమార్ గాలం వేశాడు. అది అడుగు తాకీ తాకకముందే బిగిసింది.

గ్రూపర్ చేప. పెద్దది. తర్వాత ఇంకోటి. ఆపైన ఇంక ఆగలేదు. ఎరలు అయిపోయాక ఉత్త గాలం వేసినా పడింది. పదిహేనేళ్ల వయసునుంచి సముద్రంలో ఉన్న మనిషి మా ఆయన. నవ్వుతూ కళ్లు తుడుచుకోవడం ఇవాళే చూశాను.

మణికుమార్ చేపని ఎత్తి పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టాడు. ఇంటికొచ్చేసరికి ఎక్కడ దొరికిందని గ్రూప్ అంతా ఒకటే ప్రశ్న. కహాఁ సే మిలా, దీదీ?

25 జనవరి, శనివారం

ఇంటికని ఉంచుకున్న చేపని అత్త కోసింది. కడుపు నిండా గుడ్లు. రెండోదీ అంతే. అత్త కత్తి పక్కన పెట్టేసింది.

26 జనవరి, ఆదివారం

ఆడపడుచు సుష్మ సెలవు మీద వచ్చింది. హేవ్‌లాక్ దీవిలో టూరిస్టులకు డైవింగ్ చేయిస్తుంది. గుడ్ల సంగతి వినగానే అన్నని వెంటపెట్టుకుని అదే చోటికి వెళ్లింది. వీపుకి గాలి ట్యాంకు కట్టుకుని నీళ్లలోకి దిగి వీడియో తీసుకొచ్చింది.

సాయంత్రం టీవీకి కలిపి చూశాం.

ఏమని రాయాలి? వందలు. ఒక్కొక్కటీ మనిషి చెయ్యంత పొడుగు. రాళ్ల మీద, రాళ్ల మధ్య, రాళ్లే కనబడనంతగా. గాలి వీస్తే గడ్డి ఊగినట్టు అన్నీ ఒకేసారి అటు తిరిగి, మళ్లీ ఇటు తిరుగుతున్నాయి. దేనికీ తొందర లేదు. కెమెరా దగ్గరికి వెళ్తే కదలవు, ఊరికే చూస్తాయి.

మామూలుగా గ్రూపర్ ఒంటరిగా తిరిగే చేప అని సుష్మ చెప్పింది. ఏడాదిలో ఒకటి రెండు అమావాస్యలకి ఎక్కడెక్కడివో ఈదుకుంటూ వచ్చి ఒకే చోట గుడ్లు పెడతాయట. ఇంత దూరం ఎవరు దారి చెబుతారో ఎవరికీ తెలియదట. “వదినా, ఈ సుట్టుపక్కల గ్రూపర్ అంటూ ఉంటే ఇక్కడ పుట్టిందే. దీన్ని ఊడిసేస్తే ఇంక ఏటీ మిగలదు,” అంది.

టీవీ ఆపేశాక వీడియోని నా ఫోన్‌కి పంపించుకున్నాను.

27 జనవరి, సోమవారం

గొడవ.

మళ్లీ వెళ్దాం, అమావాస్య దాకా రోజూ వెళ్దాం అన్నారు ఆయన. వద్దన్నాను. “సేప కనబడితే పట్టకుండా పూజ సేస్తామా?” అని అరిచారు. సరే, మనం వెళ్తే గ్రూప్‌కీ పాయింట్ చెప్పాలి అన్నాను. ఇన్నాళ్లూ ఒక్క పాయింట్ కూడా ఎవరి దగ్గరా దాచలేదు. నా వాయిస్ విని డీజిల్ పోసుకుని వెళ్లేవాళ్లు వాళ్లు. చెబితే అన్ని బోట్లూ ఒక్కరోజులో అక్కడుంటాయి. చెప్పకుండా మనం మాత్రం పట్టుకుంటే నేను దొంగని. ఆయన జెట్టీకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం గ్రూప్‌లో వాయిస్ పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక చోటు దొరికింది. చేపలు గుడ్లు పెట్టడానికి చేరాయి. పాయింట్ ఇవ్వను. మేమూ పోము. కింద సుష్మ వీడియో పెట్టాను. ఒకప్పుడు ఇక్కడ ఒక ఫోటో తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగొచ్చు. సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చాక వీడియో అందరికీ క్షణంలో చేరిపోయింది.

వాట్ ఈజ్ దిస్ దీదీ, అన్నారు. మీ ఇంటికోసం దాచుకున్నావన్నారు. కొందరు గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. రాత్రి వంట అత్తే చేసింది.

28 జనవరి, మంగళవారం

హాడో బోటు నడిపే చిరంజీవి అనే అతను, మణికుమార్ స్టేటస్ ఫోటోని జూమ్ చేసి గ్రూప్‌లో పెట్టాడు. చేప వెనక మా స్క్రీన్, స్క్రీన్ మూల ఆ చోటు చెప్పే జీపీఎస్ అంకెలు, స్పష్టంగా. కింద వాయిస్: “నువ్వు ఇవ్వక్కర్లేదులే దీదీ.”

29 జనవరి, బుధవారం. అమావాస్య

మధ్యాహ్నం జెట్టీలో మా బోటు తప్ప మనవాళ్ల బోట్లు ఒక్కటీ లేవు.

సుష్మ నీళ్లలో చూసే మాస్కులు, కాళ్లకి తొడిగే ఫిన్లు సంచిలో పడేసుకుని బయల్దేరింది. నేనూ బయల్దేరాను. వెళ్లి ఏం చేస్తామో ఇద్దరికీ తెలియదు. ఆయనే వచ్చి ఇంజన్ స్టార్ట్ చేశారు.

అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గుట్ట చుట్టూ బోట్లే. అప్పటికే గాలాలు దిగాయి. చిరంజీవి బోటు అందరికన్నా ముందుంది, ఐస్ పెట్టెలోంచి తోకలు బయటికి కనిపిస్తున్నాయి. కేకలు, నవ్వులు. నేను అరిచాను. ఎవరికి వినిపిస్తుంది?

సుష్మ నాకు మాస్కు తగిలించి, బోటు నిచ్చెన పట్టుకుని మొహం మాత్రం నీళ్లలో పెట్టమంది. భయపడకు వదినా, చెయ్యి వదల్ను అంది.

మొదట నీలం ఒక్కటే కనిపించింది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. తర్వాత చాలా కింద, నేల కదులుతోంది. నేల కాదు. వీడియోలో చూసిందే, కానీ వీడియోలో చూసినట్టు లేదు. టీవీకి అంచులుంటాయి. దీనికి లేవు. ఎటు చూసినా అవే. ముదురు రంగువి లేత రంగుకి మారుతున్నాయి, చూస్తుండగానే, ఒంటిమీద నీడలు పాకినట్టు. ఉన్నట్టుండి ఒక చోటునుంచి అయిదారు నిలువుగా పైకి లేచాయి. బాణాల్లా. పైన ఒక్కసారి మెలిక తిరిగాయి. తెల్లగా పాలు ఒలికినట్టు గుడ్ల మబ్బు ఒకటి అక్కడ విచ్చుకుంది. అవి కిందికి జారిపోయాయి. మబ్బు మాత్రం మెల్లగా పరుచుకుంటూ నా వైపే వచ్చింది. పక్కన ఇంకో గుంపు లేచింది. ఆ పక్కన ఇంకోటి. సముద్రం అంతా పాలు.

ఎంతసేపు చూశానో తెలియదు. తల ఎత్తేసరికి అన్ని బోట్లూ నన్నే చూస్తున్నాయి. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

చిరంజీవి తన బోటుని మా పక్కకి తెచ్చాడు. “ఏటి దీదీ, ఏటుంది అక్కడ?” అన్నాడు. మాస్కు తీసి అతని చేతికిచ్చాను.

మా మగవాళ్లందరికీ ఈత వచ్చు. కానీ గాలం వేసిన చోట తల దించి చూసే తీరిక వాళ్లకెప్పుడూ లేదు. చిరంజీవి మొహం నీళ్లలో పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. లేచాక తన గాలాలు ఒక్కొక్కటీ చుట్టేశాడు. ఆ తర్వాత తన కుర్రాళ్లతో చిన్నగా అన్నాడు: “ఒరే, ఇది పురిటిగదిరా. తలుపు తోసుకుని వచ్చేశాం.”

మాస్కు ఒక బోటునుంచి ఇంకో బోటుకి వెళ్లింది. సుష్మ తెచ్చినవన్నీ వెళ్లాయి. కేకలు తగ్గిపోయాయి. చూసినవాళ్లు కొందరు దండం పెట్టారు. ఒకతను ఆనందంతో నవ్వు ఆపుకోలేకపోయాడు. అందరూ గాలాలు తీయలేదు. చూసి కూడా రెండు బోట్లు చీకటి పడేదాకా పట్టాయి. వాళ్లని ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. ఆపడం ఎలాగో నాకు తెలియదు.

చివరికి మాస్కు మా ఆయన చేతికి వచ్చింది. చూసి, తల ఎత్తి, నా తలమీద తడి చెయ్యి పెట్టారు. అంతే.

2 ఫిబ్రవరి, ఆదివారం

గ్రూప్‌లో మూడు రోజులుగా ఇదే చర్చ. వెళ్లిపోయినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. పాయింట్ ఎలాగూ అందరి ఫోన్లలోనూ ఉంది, ఇంక దాచేదేముంది అన్నాడు చిరంజీవి. దాచొద్దు, రోజూ చెప్పు అన్నాడు. ఫలానా చోట అమావాస్యకి ముందూ వెనకా గాలం వేయకూడదని నా పొద్దుటి వాయిస్‌లో మొదటి మాటగా చెప్పాలట. అందరికీ తెలిసిన చోట దొంగతనంగా పట్టడం కష్టం అన్నాడు. ఎవరైనా వేస్తే ఫోటో తీసి గ్రూప్‌లో పెడతాం అన్నారు.

ఆ రెండు బోట్లవాళ్లు సరేననలేదు. కానీ గ్రూప్‌లోనే ఉన్నారు.

ఇది నిలబడుతుందా? తెలియదు. ఏ స్క్రీన్ చేపని పట్టించిందో ఆ స్క్రీనే కాపలా కూడా కాస్తుందా? తెలియదు. రేపు పొద్దున్న వాయిస్ ఎలా మొదలుపెట్టాలో మాత్రం నాలుగుసార్లు చెప్పుకుని చూసుకున్నాను.

27 ఫిబ్రవరి, గురువారం. అమావాస్య, సాయంత్రం

వెళ్లి వచ్చాం. చేపలు పోయిన నెలంత లేవు, కానీ వచ్చాయి. ఒక్క గాలం లేదు.

ఇంజన్ ఆపేశాక కాళ్ల కింద చెక్క సన్నగా వణికింది. ఆయన పడుకుని బోటు అడుక్కి చెవి ఆనించారు. నన్నూ రమ్మన్నారు. చాలా కిందినుంచి, లోగొంతుతో, ఊఁ... ఊఁ... అని.

ఆ చేపల గొంతులే.