తలుపొకటి ఊడగొట్టి ఉంచు

చిట్టీ, ఇద్దరం కులాసాగానే ఉన్నాం. బాగోలేనిది పడవ ఒక్కటే.

మీ తాతయ్య ఆ ముసలి తెరచాప పడవను ఒడ్డుకెక్కించి కొత్త ఇంజను, కొత్త తెరచాప, కొత్త తాళ్లు బిగించారు. ముందు చూడాల్సిన అడుగుచెక్కను పోయిన వారం అన్నిటికంటే చివర చూశారు. స్క్రూడ్రైవరు మగ్గిన పండులోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. "ఇది మళ్లీ నీళ్లలోకి దిగదండీ" అన్నాడు చూడ్డానికొచ్చిన వడ్రంగి. మీ తాతయ్య స్క్రూడ్రైవరు తుడిచి పెట్టెలో పెట్టుకుని, "రంగు ఏది వేద్దామంటావు?" అని నన్నడిగారు. పెళ్లయినప్పటినుంచీ ఆయన ప్రతి మాటకూ అడ్డుతగిలిన నేను, "నీలం" అన్నాను.

ఇప్పుడు రోజూ నిచ్చెనేసుకుని అందులోకెక్కి కూర్చుంటున్నారు. దిగమనడానికి నాకు నోరు రావడం లేదు. చుట్టపుచూపుగా పిలిస్తే ఆయన కదలరు, ఏదైనా బాగుచేయాలంటేనే వస్తారు. మీ వంటింటి అలమర ఊడిపోతోందని, వచ్చి చూడమని ఆయన పేరనే రాయి. నేనీ కార్డు రాసిన ఊసెత్తకు. అలమర బాగానే ఉంటే తలుపొకటి ఊడగొట్టి ఉంచు.

మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నీకూ మీ ఆయనకూ మా దీవెనలు. త్వరగా రాయి తల్లీ, నీలం డబ్బా అప్పుడే కొనుక్కొచ్చారు.

అమ్మమ్మ